‘నిజంగా’ మంచి పిల్లా? ‘నిజానికి’ మంచి పిల్లా?

పలకాబలపం:
‘రైలుబడి’ (జపనీసు పుస్తకం ‘టోటోచాన్’కి తెలుగు అనువాదం) ఆరో తరగతికి చదివి వినిపించేవాళ్ళ కోసం ఒక ప్రశ్న. అందులో హెడ్మాస్టరు కొబాయాషి టోటోచాన్ అనే పిల్లతో పదేపదే అనే మాట జపనీసులో ఇది: “కిమి వ, హొంతో వ, ఈ కో నన్ ద యో.” దీన్ని “నువ్వు నిజంగా మంచి పిల్లవి” అనాలా, “నిజానికి” అనాలా? రెండూ ఒకటేనని కొందరి వాదన.

అచ్చుతప్పు:
ఒకటి కావు. ‘హొంతో ని’ అంటే నిజంగా. ‘హొంతో వ’ అంటే పైకి కనిపించేది వేరు, లోపల ఉన్నది వేరు అని. కొబాయాషి వాడింది రెండోది. తెలుగులో ఆ తేడాను ‘గా’, ‘కి’ చూపిస్తాయి. ‘నిజంగా’ మంచితనానికి బలమిస్తుంది, అంతే. ‘నిజానికి’ అనగానే ఎదురుగా ఇంకో మాట వచ్చి నిలబడుతుంది. ‘పేరుకి పెద్దమనిషి’ అన్నామనుకోండి, మిగతా సగం కోసం చెవి ఎదురుచూస్తుంది. ‘నిజానికి’ ఆ మిగతా సగం. మొదటి సగం (అందరూ నిన్ను అల్లరిపిల్ల అంటున్నారు) ఆయన నోట రాదు, అయినా వినపడుతుంది.

బోర్డు మీద రెండు వాక్యాలు సగం సగం రాయండి: “వాడు నిజంగా మంచివాడు, ...”, “వాడు నిజానికి మంచివాడు, ...”. పిల్లల్నే పూర్తిచేయమనండి. మొదటిదానికి ‘అడగ్గానే పెన్ను ఇచ్చాడు’ లాంటివి వస్తాయి. రెండోదానికి ‘కానీ కోపం ఎక్కువ’ వస్తుంది. వ్యాకరణం పేరెత్తక్కర్లేదు.

మూడోబెంచి:
అంతకంటే ముందు మొదటి బడి సంగతి చదివి ఉండాలి. డెస్కు మూత అదేపనిగా తెరుస్తూ మూస్తూ, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాయిద్యాలవాళ్ళను పిలుస్తోందని ఒకటో తరగతిలోనే ఆ పిల్లను పంపేశారు. ఆ సంగతి ఆమెకు 20 ఏళ్ళు నిండేదాకా వాళ్ళమ్మ చెప్పలేదు. కొత్త బడిలో చేరిన రోజు కొబాయాషి 4 గంటలు ఆమె కబుర్లు విన్నాడు. ఇవి వదిలేసి ఆ ఒక్క వాక్యాన్ని నీతిలా తీస్తే పిల్లలు “మంచి పిల్లల్లా ఉండాలి” అని రాసిస్తారు. ఆయన ఉండమనలేదు, ఉన్నావన్నాడు! అధ్యాయాలు చిన్నవే కాబట్టి 40 నిమిషాల పీరియడ్‌లో రెండు చదివినా మాట్లాడుకోవడానికి సమయం మిగులుతుంది.

ఇంకోటి. ఆ పిల్ల “అవును, నేను మంచి పిల్లనే” అని సంబరంగా జవాబిస్తుంది. ‘హొంతో వ’ ఆమె చెవికెక్కలేదు, చదివే మనకెక్కుతుంది. అందుకే ‘నిజానికి’ని ఒత్తి పలకకండి. ముందూ వెనకా కాస్త ఆగితే చాలు: “నువ్వు, నిజానికి, మంచి పిల్లవి.” మూలంలో కామాలూ అక్కడే ఉన్నాయి.

పలకాబలపం:
చివరి ‘నన్ ద యో’కి ‘కదూ’ సరిపోతుందా? ‘సుమా’ అనొచ్చా?

అచ్చుతప్పు:
‘కదూ’ అంటే ఒప్పుకోమని అడిగినట్టు. ఆయన అడగడం లేదు, తెలియజేస్తున్నాడు. ‘సుమా’లో హెచ్చరిక ఉంది, పైగా ఇప్పటి పిల్లలకది నాటకాల మాట. ‘తెలుసా’ దగ్గరగా ఉంటుంది. ‘లే’ మాత్రం వద్దు. “మంచి పిల్లవేలే” అంటే ఏదో సర్దిచెప్పి పంపినట్టుంటుంది.

‘ఈ కో’లో ‘ఈ’ అంటే మంచి, మన ‘ఈ’ కాదు. ‘కో’ అంటే బిడ్డ, ఆడైనా మగైనా. ఈ సౌకర్యం తెలుగు వాక్యంలో లేదు. అదే మాట క్లాసులో మగపిల్లాడితో అనాలంటే ‘పిల్లాడివి’ అని మార్చుకోవాలి.

కిటికీపక్క:
చిన్న సవరణ. నవలలా చదువుతాం గానీ 1981లో వచ్చిన ఈ పుస్తకంలో తెత్సుకో కురోయనాగి రాసింది తన చిన్ననాటి సంగతులే. రైలుపెట్టెల్లో నడిచిన ఆ బడి 1945 బాంబుదాడిలో కాలిపోయింది. ఈ మాట మొదటిరోజే చెప్పేయకండి, చివరి అధ్యాయం చప్పబడిపోతుంది.

మూడోబెంచి:
నాలుగో తరగతి లోపు పిల్లలకు ‘నిజానికి’ పుస్తకాల మాట. పోనీ ‘అసలు’ అందామంటే, “అసలు నువ్వు మంచి పిల్లవే” అనేది తగువుకు దిగినట్టుంది. తెలంగాణ పిల్లలకైతే ‘అసలైతే’ చక్కగా అతుకుతుంది.