గోడకి ఆనుకున్న పాత సీఐ (పోత ఇనుము) పైపు వెనక వైపు ఎలా కొయ్యాలి?

మా మూడంతస్తుల పాత బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ డక్ట్‌లో (పైపులు వెళ్ళే సందులో) ఉన్న 4 అంగుళాల సీఐ టాయిలెట్ పైపుకి నిలువుగా చీలిక వచ్చింది, ఒక రెండడుగుల ముక్క కోసేసి పీవీసీ వేద్దామని మొదలెట్టా. డక్ట్ వెడల్పు రెండడుగులు కూడా లేదు, పైపుకీ గోడకీ మధ్య గ్యాప్ అంగుళంన్నర. 4 అంగుళాల గ్రైండర్‌తో ముందు వైపు, పక్కలు తెగాయి గానీ వెనక మూడో వంతు అలాగే ఉంది, గ్రైండర్ తల అటు దూరట్లేదు. హాక్సా బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టి నలభై నిమిషాలు రుద్దా, రెండు బ్లేడ్లు విరిగాయి, పడింది రెండు మిల్లీమీటర్ల గాడి (చెయ్యి మాత్రం బాగా తెగింది). ప్లంబర్ సుత్తితో కొట్టేద్దాం అన్నాడు, నేనే వద్దన్నా, ఎందుకంటే పైన సీసం పోసిన జాయింట్లు కదిలితే మూడు ఫ్లోర్లకీ లీకే. పైన పైపుకి క్లాంపులు వేసి బిగించా. చైన్ కట్టర్ (పైపు చుట్టూ చైన్ వేసి బిగించి తెంపేది) అద్దెకి దొరుకుతోంది, చైన్ ఆ గ్యాప్‌లో పడుతుంది గానీ తుప్పు పట్టిన పైపు నలిగి ముక్కలవుతుందేమోనని భయం. ఇంకోటి కార్బైడ్ బ్లేడుతో రెసిప్రోకేటింగ్ సా (బ్లేడు ముందుకీ వెనక్కీ ఆడే మెషిన్ రంపం).

ఇలాంటి చోట చేసినవాళ్ళు చెప్పండి, ఈ రెండిట్లో ఏది తెచ్చుకోవాలి?