మేత, ల్యాబ్, కొనుగోలు మూడూ ఒకే కంపెనీ కిందకి తెద్దామంటున్నారు మా బావగారు, ఏమంటారు?

ఉండి కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర ఒక పల్లె. విషయం కొంచెం పొడుగు, ఓపికపట్టి చదవండి.

మా నాన్నగారు ఇరవై ఏళ్లుగా రొయ్యల మేత డీలరు. మా బాబాయ్ రొయ్యలు కొని ప్రాసెసింగ్ ప్లాంట్లకి పంపిస్తారు. మా అక్క వాళ్లాయన ఎంబీఏ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవారు, కరోనా టైములో వచ్చేసి నీటి పరీక్షల ల్యాబ్, దాని పక్కనే చెరువు మందుల షాపు పెట్టారు. పేరుకి మూడూ వేరు, లెక్కలూ వేరు, కానీ అవసరం పడితే ఒకరి డబ్బు ఒకరు తిప్పుకుంటాం. ఇప్పుడు బావగారు మూడూ కలిపి ప్రైవేట్ లిమిటెడ్ చేద్దామంటున్నారు. మా హాల్లో ప్రొజెక్టర్ పెట్టి మరీ చూపించారు. ఒక స్లయిడ్ మీద ఇంటిగ్రేషన్, తర్వాతి స్లయిడ్ మీద ఇంటెగ్రిటీ, రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయట, ముక్కలు కాకుండా మొత్తంగా ఉండటమట. నాన్నకి ఆ రెండో స్లయిడ్ బాగా నచ్చింది.

ఆయన చెప్పేదాంట్లో పాయింటు లేకపోలేదు. పెద్ద కంపెనీలు ఆ దారిలోనే వెళ్లాయి, అవంతి ఫీడ్స్‌నే చూడండి, మేత ఉంది, హేచరీ ఉంది, ప్రాసెసింగ్ ఉంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు రేట్లు పడి, రైతులు మేత బాకీ కట్టలేక, నాన్న డబ్బు మొత్తం చెరువుల్లో ఇరుక్కుంది. అదే టైములో ల్యాబ్ బాగానే నడిచింది. ఒకే కంపెనీ అయితే ఒక చెయ్యి ఇంకో చేతిని ఆదుకునేది అంటారు బావగారు.

నా టెన్షన్ వేరే. మొన్న వేసవిలో ఒక రైతు రెండెకరాల చెరువు పట్టుబడికి బాబాయ్‌తో నేనూ వెళ్లాను. ఆయన మాకు మేత బాకీ నాలుగున్నర లక్షలు. కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క, అది పెరిగితే రేటు తగ్గుతుంది. కౌంట్ తీసేటప్పుడు మా మనిషి చెయ్యి బుట్ట అడుక్కి వెళ్లింది. చిన్న రొయ్యలు అడుక్కి జారతాయి కదా, కేజీకి 54 వచ్చాయి. ఇంకోసారి తియ్యండి అన్నాడాయన. పైనుంచి తీస్తే 51. బాబాయ్ 54 అనే రాశారు. ఆ రైతు బాబాయ్ వంక చూసి, నా వంక చూసి, సరే మీ ఇష్టమండి అన్నాడు. సరుకు నాలుగు టన్నులు, ఆ రోజు ఒక్కో కౌంటుకి కేజీ మీద మూడు రూపాయల తేడా, లెక్క మీరే వేసుకోండి. బాకీ లేకపోతే ఆయన ఇంకో కొనుగోలుదారుకి ఫోన్ చేసేవాడని నాకు తెలుసు, బాబాయ్‌కీ తెలుసు.

ఇది నాన్నకి ఇంతవరకూ చెప్పలేదు. మూడూ కలిస్తే ఇలాంటివి తగ్గుతాయా పెరుగుతాయా? కలిపి నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రిటైర్డ్ మేనేజర్:

బాబూ, నేను మన జిల్లాలోనే బ్యాంకులో ముప్పై ఏళ్లు చేశాను. కుటుంబ వ్యాపారాలు కలవడం, విడిపోవడం రెండూ నా టేబుల్ మీదే జరిగాయి. కౌంట్ సంగతి మిగతావాళ్లు చెప్తారు, నేను లెక్కల గురించి చెప్తాను.

ఒక మిల్లు వాళ్ల కేసు. అన్నది రైస్ మిల్లు, తమ్ముడిది తవుడు నూనె యూనిట్, రెండూ కలిపేశారు. తర్వాత మిల్లు నుంచి నూనె యూనిట్‌కి తవుడు ఏ రేటుకి ఇవ్వాలనే మాటే రాలేదు, ఇంట్లో వాళ్లమేగా అనుకున్నారు. తక్కువ రేటుకి రాసుకున్నారు. నూనె యూనిట్ లాభాల్లో ఉన్నట్టు, మిల్లు దండగలో ఉన్నట్టు కనపడింది. ఆ కాగితాలు చూసి తమ్ముడు నూనె యూనిట్ పెంచడానికి ఇంకో లోను తీసుకున్నాడు. లాభం నిజంగా ఎక్కడ పుడుతోందో ఇద్దరికీ తెలియదు. నాలుగేళ్లకి లాయర్ల దగ్గర తేలారు. అందులో మోసం చేసినవాడు ఎవడూ లేడు, అదే బాధ.

అందుకని కంపెనీ పెట్టకముందు ఒక ఏడాది, రెండు పంటలు, మీలో మీరు బయటివాళ్లలా బిల్లులు రాసుకోండి. బాబాయ్ తెచ్చిన డబ్బులోంచి మేత బాకీ జమ అయితే దానికి కాగితం, ల్యాబ్ అద్దెకి కాగితం, నాన్నగారి డబ్బు మందుల షాపులోకి వెళితే వడ్డీతో సహా కాగితం. ఏడాది తర్వాత ఎవరిది ఎంతో తేలుతుంది. అప్పుడు కూడా కలపాలనిపిస్తే కలపండి. ఇప్పుడు మీరు చేస్తున్న డబ్బు తిప్పుకోవడం ఉందే, అది ముందు ఆపండి, బ్యాంకు వాడి కంటపడితే బాగోదు.

చెరువుగట్టు:

ఇంతమంది మాట్లాడుతున్నారు, మా రైతుల్ని ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. నాకు నాలుగెకరాలు లీజు, కలిదిండి వైపు.

మాకు సాగు ఖర్చులో సగం పైన మేతకే పోతుంది. అది అప్పు మీద ఇచ్చేవాడు సగం యజమాని. ఇప్పుడు నీళ్లు బాగోలేవని చెప్పేదీ ఆయనే, దానికి మందు అమ్మేదీ ఆయనే, చివర్లో సరుకు తూచేదీ ఆయనే. డాక్టరూ ఆయనే, మందుల కొట్టూ ఆయనే, పోతే కాటికాపరీ ఆయనే. రిపోర్టులో విబ్రియో బాక్టీరియా ఎక్కువుంది అని వస్తే నేను నమ్మాలా? ఇప్పుడైతే అనుమానం వచ్చి అదే నీళ్లు ఇంకో సీసాలో పట్టుకెళ్లి ఇంకో ల్యాబ్‌లో ఇస్తాను. మీరు ఒక కంపెనీ అయ్యాక అలా వెళ్తే మేత ఆగిపోతుందేమోనని భయం ఉంటుంది. ఆ భయమే మీ కంపెనీ లాభం, మీ స్లయిడ్‌లో అది ఉండదు.

మా కాలువ సంగతి చూస్తూనే ఉంటాం కదా. ధవళేశ్వరం దగ్గర ఒక ఆనకట్ట, నీళ్లన్నీ ఒక చోటే పంచుతారు, కాటన్ దొర పుణ్యమా అని 1852 నుంచీ తింటున్నాం, కాదనను. కానీ వేసవిలో నీళ్లు తగ్గాయంటే హెడ్ దగ్గర వాడి మడి నిండుతుంది, శివారు వాడు రాత్రుళ్లు గట్టు మీద కాపలా కాస్తాడు. అన్నీ ఒక చేతి కిందకి వచ్చినప్పుడు శివారులో ఎవడు ఉంటాడో ముందే చూసుకోండి. మీ విషయంలో అది మేమే.

మీ బాబాయ్ గారి మీద కోపం లేదు. కౌంట్ అందరూ అలాగే తీస్తారు. మీరు రాయడమే వింత.

గోదారి ఎక్స్‌ప్రెస్:

పుట్టింది పాలకొల్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, కంపెనీలు కలిసినప్పుడు మనుషుల్ని కలిపే పని చేస్తాను. చెరువుగట్టు గారితో సగం ఏకీభవిస్తాను.

మిగతా సగం ఎందుకు కాదంటే, విడిగా ఉన్నప్పుడు కూడా నిజాయితీ దానంతటదే రాదు. మందుల షాపు వాడు క్లోరాంఫెనికాలో, నైట్రోఫ్యూరానో, అలాంటి యాంటీబయాటిక్ ఉన్న డబ్బా రైతుకి అంటగట్టి చేతులు దులుపుకుంటాడు. అవి నిషేధం అని తెలిసే అంటగడతాడు, ఎందుకంటే కంటైనర్ వెనక్కి వస్తే నష్టం ప్లాంటుది, అతనిది కాదు. 2016లో యూరప్ వాళ్లు మన రొయ్యల్లో శాంపిల్ తీసే వాటా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది ఇలాంటి గొలుసు వల్లే. మందు అమ్మినవాడే రేపు అదే సరుకు కొనాల్సి వస్తే, ఆ డబ్బా అమ్మే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. అక్కడ మీ బావగారిది కరెక్టే.

1960ల్లో హార్వర్డ్‌లో లారెన్స్, లార్ష్ అని ఇద్దరు కంపెనీల్లోకి వెళ్లి చూశారు. బాగా నడిచిన చోట విభాగాలన్నీ ఒకే పోత పోసినట్టు లేవు, ఎవరి పద్ధతి వాళ్లకి ఉంది, కానీ గొడవ వచ్చినప్పుడు పై నుంచి ఆర్డరు వెయ్యకుండా, సర్దేసి ఊరుకోకుండా, ఎదురెదురుగా కూర్చుని తేల్చుకున్నారు. మీ ఇంట్లో బాబాయ్‌కి ఎదురు కూర్చుని 51 అని చెప్పే మనిషి ఎవరు? మీరు చూసి కూడా ఇంటికొచ్చి చెప్పలేదు. తప్పు పట్టడం లేదు, నేనైనా అంతే చేసేవాణ్ణేమో.

భీమవరం పేరు వచ్చింది కాబట్టి సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు గారి సంగతి ఎత్తక తప్పదు. మన వైపు ఆయన్ని ఇప్పటికీ అభిమానించేవాళ్లున్నారు, బైర్రాజు ఫౌండేషన్ ఊళ్లలో పెట్టించిన మంచినీళ్ల ప్లాంట్లు మర్చిపోలేం. కానీ 2008 డిసెంబరులో జరిగింది చూడండి. కుటుంబం వాళ్ల మేటాస్ కంపెనీలు రెండింటిని సత్యం డబ్బుతో కొని కలిపేద్దామన్నారు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లున్న బోర్డు ఏకగ్రీవంగా సరే అంది. ఆపింది బోర్డు కాదు, అమెరికాలో షేరు కుప్పకూలడంతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఆయనే లేఖ రాశారు, లేని డబ్బు లెక్కల్లో ఉన్నట్టు చూపించామని, ఆ కొనుగోలు ఆ గుంత పూడ్చడానికి చివరి ప్రయత్నమని. కలపడం అనేది అక్కడ వ్యూహం కాదు, దుప్పటి.

మీది అంత పెద్ద విషయం కాదు. కానీ మీ బావగారిని ఒకటి అడగండి, కలపకపోతే ఈ ఏడాది ఏ బాకీ బయటపడుతుంది అని. ఏమీ లేదంటే మంచిదే.

కాజా ప్రియుడు:

ఎండీ ఎవరు? బావగారైతే ముందు మీ అక్కగారిని అడగండి. చైర్మన్ ఆవిడే కదా.

ఉండి కుర్రాడు:

అందరికీ థాంక్స్. వారం నుంచి ఇంట్లో యుద్ధమే.

గోదారి ఎక్స్‌ప్రెస్ గారి మాట గుచ్చుకుంది. ఆ రాత్రే నాన్నకి చెప్పేశాను. నాన్న ఏమీ అనలేదు. పొద్దున్నే బాకీ పుస్తకం తీసి, ఆ రైతు పేరు మీద ముప్పై ఆరు వేలు జమ రాసి, పక్కన కౌంట్ తేడా అని రాశారు. ఆ పుస్తకం బాబాయ్ కూడా చూస్తారు. చూశారు. రెండు రోజుల నుంచి మా ఇంటికి రావడం లేదు.

బావగారిని ఆ ప్రశ్న కూడా అడిగాను. కాసేపు ఆగి, షాపు మీద పదకొండు లక్షలు డిస్ట్రిబ్యూటర్లకి ఇవ్వాలి అన్నారు. అక్కకీ తెలియదట. దాచాలని కాదు, కలిశాక సర్దుకుంటుంది అనుకున్నానన్నారు. నాకు కోపం రాలేదు, ఆయన ముఖం చూస్తే జాలేసింది. నాన్న ఆ అప్పు తీర్చడానికి ఒప్పుకున్నారు, వడ్డీతో, కాగితం మీద, మేనేజర్ గారు చెప్పినట్టు. కంపెనీ మాట రెండు పంటల దాకా పక్కన పెట్టాం. ల్యాబ్ మాత్రం ఎప్పటికీ కలపొద్దన్నది అక్క, రైతు వేరే ల్యాబ్ రిపోర్టు తెచ్చినా మేత ఆపకూడదని బోర్డు రాయించి షాపు ముందు పెట్టమంది. కాజా ప్రియుడు గారూ, మీరన్నదే నిజం.

గురువారం ఇంకో చెరువు పట్టుబడి ఉంది. కౌంట్‌కి బుట్టలో చెయ్యి రైతే పెట్టాలని నాన్న అన్నారు. బాబాయ్ ఇంకా ఒప్పుకోలేదు, కానీ గురువారం వస్తానని మాత్రం కబురు పంపారు.

చెరువుగట్టు:

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. అలాగే కాటా మీద పెట్టే ముందు నీళ్లు కారనివ్వమనండి, అదీ ఒక నాలుగైదు కేజీలు తేడా వస్తుంది. ఈసారి మీకు కాదులెండి, రైతుకి.

తప్పు, కారితే మీకే లాభం. అయినా కారనివ్వండి.