కమలా వరి వద్దంట, క్రిస్పర్ వైద్యం మాత్రం కావాలంట: మా ఇంట్లో ఒకటే లొల్లి, తెలిసినవాళ్లు చెప్పండి

ఉప్పల్_రింగ్‌రోడ్:
అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకోండి. మా అక్క కొడుక్కి ఆరేళ్లు, తలసేమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో ఐరన్ పేరుకోకుండా రోజూ మాత్ర నీళ్లలో కలిపి తాగించాలి, అది తాగించడానికి ఇల్లంతా వాడి వెనకాల గ్లాసు పట్టుకుని తిరగాలి. జీన్‌ని కత్తిరించి జబ్బు తగ్గించే క్రిస్పర్ వైద్యం గురించి ఎవరో వీడియో పంపారు, అప్పటి నుంచి అక్కకి అదే ధ్యాస. మా బాపు కూడా "ఎంతయితే అంత, భూమి అమ్ముదాం" అంటున్నాడు. ఇదే బాపు, జనగామ దగ్గర మా పొలంలో అదే జీన్ కత్తిరింపుతో చేసిన కమలా రకం వరి విత్తనం దొరికితే వేద్దామా అంటే ఇంతెత్తున లేచాడు. "పత్తిల బీటీ పెట్టి చూసినం, ఇగ బువ్వల గూడ పెడ్తరా" అని. బావదీ అదే మాట. మరి జీన్లు ముట్టుకోవడమే తప్పయితే పిల్లాడికి మాత్రం ఎట్లా ఒప్పు అని అడిగితే టీవీ సౌండ్ పెంచుతాడు.

కమలా, బీటీ ఒకటేనా? ఆ వైద్యం మనదాకా వస్తుందా, లేక ఆశ పెట్టుకోవడం దండగా? అక్క ఇంకోటి కూడా అడగమంది, ఇంకో బిడ్డని కనాలనుకుంటే పిండంలోనే ఆ జీన్ సరిచేయించుకోవచ్చా అని.

పిపెట్_బాబాయ్:
ఒకటి కాదు. బీటీ పత్తిలో నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జీన్ తెచ్చి పెట్టారు, దానివల్ల కాయ కొరికిన పురుగు పేగు దెబ్బతిని చస్తుంది. కమలాలో బయటి జీన్ ఏదీ మిగల్లేదు. మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్లు బీపీటీ 5204ని, అంటే మనం రోజూ తినే సాంబ మసూరినే తీసుకుని, అందులో సీకేఎక్స్2 అనే జీన్ పని చేయకుండా ఆపారు. సైటోకైనిన్ అనే హార్మోన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఆ జీన్ నుంచే వస్తుంది. ఎంజైమ్ లేకపోతే హార్మోన్ నిలుస్తుంది, వెన్నుకి గింజలు ఎక్కువ పడతాయి. 2025 మేలో దీన్ని, ఎంటీయూ 1010 అనే వరి నుంచి ఢిల్లీ పూసా సంస్థ వాళ్లు చేసిన ఇంకో రకాన్ని కలిపి కేంద్రం ప్రకటించింది. కమలా దిగుబడి సాంబ మసూరి కంటే 19 శాతం ఎక్కువ, కోత ఓ 20 రోజులు ముందు అని వాళ్ల మాట. తర్వాత ఆ ప్రయోగాల లెక్కలు సరిగ్గా లేవని కొన్ని సంఘాలు విమర్శించాయి, కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ ఆ ఆరోపణల్ని కొట్టిపారేసింది.

నాకు నచ్చనిది ఒకటుంది. బయటి జీన్ మిగలని ఇలాంటి పంటలకి, బయటి జీన్ పెట్టిన జీఎం పంటలకు ఉండే కఠినమైన పరీక్షలు అక్కర్లేదని 2022 మార్చిలో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. సైన్స్ పరంగా దానికి కారణం ఉంది, కాదనను. కానీ ప్రయోగాల డేటా మొత్తం జనం ముందు పెట్టకుండా "నమ్మండి" అంటే మీ బాపులాంటి వాళ్లు ఎందుకు నమ్మాలి? ఆయన భయాన్ని తెలియనితనం కింద కొట్టేయకండి.

గాజువాక_టు_గచ్చిబౌలి:
బాపుకి షుగర్ ఉందా? ఉండి ఇన్సులిన్ వాడుతుంటే కథ అయిపోయినట్టే 😄 1982లో అమెరికాలో మొదట అనుమతి వచ్చిన హ్యూమన్ ఇన్సులిన్ బ్యాక్టీరియాలో మనిషి జీన్ పెట్టి తీసిందే. అంతకుముందు పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవాళ్లు. మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్ బి టీకా కూడా ఈస్ట్‌లో జీన్ పెట్టి చేసిందే.

పత్తిచేను_పాపయ్య:
గాజువాక తమ్మీ, నవ్వులు బాగున్నాయి గానీ ఇన్సులిన్ ట్యాంకులో తయారవుతుంది, ట్యాంకు కడిగితే అయిపోతుంది. చేను అట్లా కాదు. పెద్దాయన బాధ నాకు అర్థమైంది, మాది ఆదిలాబాద్ పక్క నల్లరేగడి, పత్తి తప్ప ఇంకోటి ఎరగం.

2002లో బీటీకి అనుమతి వచ్చింది. మొదట్లో నిజంగానే పచ్చపురుగు పోయింది, మందు కొట్టుడు తగ్గింది, అబద్ధం చెప్పను. 450 గ్రాముల ప్యాకెట్ వెంట 120 గ్రాముల చిన్న పొట్లం ఒకటి ఇచ్చేవాళ్లు, అందులో బీటీ లేని మామూలు గింజలు. చేను చుట్టూ ఐదు సాళ్లు అవి వేయాలి. అక్కడ బతికిన పురుగు లోపల తట్టుకుని బతికిన పురుగుతో కలిస్తే, తట్టుకునే గుణం తొందరగా పెరగదని లెక్క. ఇది మాకు ఎవరు చెప్పిన్రు? దుకాణం ఆయన ప్యాకెట్ చేతిలో పెట్టి పైసలు లెక్కపెట్టుకునేవాడు, అంతే. పురుగు తినే గింజ చేతులారా ఎవడేస్తడు, పొట్లం గట్టు మీదనే పడేసినం. ఇప్పుడు గులాబీరంగు పురుగు కాయలోపలే కూర్చుని తింటది, పైకి కాయ మంచిగనే ఉంటది, ఏరేటప్పుడు విప్పితే గుడ్డిపత్తి. జీన్ చెడ్డదని నేను అనను. దాన్ని అమ్మిన తీరు చెడ్డది.

ఇంకో ముచ్చట. అప్పట్లో ప్యాకెట్ ధర 1,600 దాటితే 2006లో ఉమ్మడి ఆంధ్ర సర్కారు బీటీ జీన్ కంపెనీ మాన్‌శాంటో మీద ఎంఆర్‌టీపీసీ అనే గుత్తవ్యాపారాల కమిషన్‌కి పోయింది, అప్పుడు గానీ 750కి దిగలేదు. పైగా హైబ్రిడ్, దాచుకుని వేస్తే మళ్లీ అట్లాంటి పంట రాదు, ఏటేటా కొనాల్సిందే. ఇవి చాలవన్నట్టు గడ్డిమందుకి చావని దొంగ విత్తనం వచ్చింది, అనుమతి లేదు, బిల్లు ఉండదు, మొలవకపోతే అడిగే దిక్కు లేదు. పెద్దాయన కళ్ల ముందు ఇదంతా తిరుగుతుంటది. ఆయన్ని అడుగు, భయం బువ్వ మీదనా, గింజ ఎవరి చేతుల ఉంటదనేదాని మీదనా అని.

తార్నాక_అమ్మ:
వరి సంగతి మీరు తేల్చుకోండి, నేను పిల్లాడి గురించి రాస్తాను. మా పాపకీ తలసేమియానే, ఇప్పుడు ఇంటర్.

వీడియోలో చూసింది క్యాస్‌జెవీ అనే క్రిస్పర్ వైద్యం అయి ఉంటుంది. 2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరులో అమెరికాలో సికిల్ సెల్ అనే ఇంకో రక్త జబ్బుకి, 2024 జనవరిలో అమెరికాలోనే తలసేమియాకి అనుమతి వచ్చింది. పిల్లల ఒంట్లోంచి మూలకణాలు తీసి, బీసీఎల్11ఏ అనే జీన్‌ని అదుపు చేసే చోట కత్తిరిస్తారు. దాంతో కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్లీ తయారవడం మొదలవుతుంది. వినడానికి అంతే. కానీ ఆ కణాలు తిరిగి ఎక్కించేముందు గట్టి కీమో ఇచ్చి ఎముకల్లోని పాత మజ్జని ఖాళీ చేస్తారు, వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉండాలి, ముందు ముందు పిల్లలు పుట్టే అవకాశం కూడా దెబ్బతినొచ్చు. ఆ అనుమతులు 12 ఏళ్లు నిండినవాళ్లకి ఇచ్చినవి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల పైమాటే. భూమి అమ్మొద్దని మీ బాపుకి చెప్పండి, దయచేసి. ఢిల్లీలో కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్లు సికిల్ సెల్‌కి బిర్సా 101 అని మన సొంతది ప్రకటించారు, అది తలసేమియాకి కాదు.

ముందు ఇది చెప్పండి, వాడికి తోబుట్టువులు ఉన్నారా? మజ్జ ఇవ్వడానికి ఇద్దరి కణాలు కలుస్తాయో లేదో చూసే హెచ్ఎల్ఏ పరీక్ష చేయించారా?

ఉప్పల్_రింగ్‌రోడ్:
ఒక అక్క ఉందండీ, తొమ్మిదేళ్లు. దానికి మైనర్, అంటే జీన్ ఉంది గానీ జబ్బు లేదు, అన్నారు కాబట్టి పనికిరాదేమో అనుకుని ఎవరూ ఆ పరీక్ష మాట ఎత్తలేదు.

తార్నాక_అమ్మ:
మైనర్ అయినా దాతగా పనికొస్తుంది! సొంత తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. కలిస్తే మజ్జ మార్పిడి, చిన్న వయసులో, కాలేయంలో ఐరన్ పేరుకోకముందు చేస్తేనే ఫలితం బాగుంటుంది. కోల్ ఇండియా వాళ్ల తలసేమియా బాల సేవా యోజన కింద 10 లక్షల దాకా సాయం వస్తుంది, ఆదాయ పరిమితి ఉంటుంది, ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడగండి. రిస్క్ దీంట్లోనూ ఉంది, డాక్టరుతో ఇద్దరూ కూర్చుని అడగండి. ఇంకోటి, ఆ తొమ్మిదేళ్ల పిల్లకి కూడా కూర్చోబెట్టి చెప్పండి. తమ్ముడి కోసం సూది పొడిపించుకోమని ఇంట్లో పెద్దవాళ్లంతా మీద పడితే అది కాదనలేదు కదా. మేం ఆ ముక్క పట్టించుకునే ఇంటిని చాలా తక్కువ చూశాం.

పిండంలో జీన్ మార్చడం మన దేశంలో కుదరదు, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2019 మార్గదర్శకాల్లోనే నిషేధం. చైనాలో 2018లో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త కవల ఆడపిల్లల పిండాల్లో చేశాడు, మూడేళ్లు జైలు పడింది. ఆ మార్పు వాళ్ల పిల్లలకీ, వాళ్ల పిల్లలకీ పోతుంది, వాళ్లలో ఎవరినీ అడగలేదు. అక్కకి అంత అవసరమూ లేదు. గర్భం వచ్చాక 11, 12 వారాలకి పరీక్ష చేసి మేజరో కాదో చెప్తారు. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, గర్భం రాకముందే వెళ్లి కలవమనండి.

పిపెట్_బాబాయ్:
తార్నాక అమ్మగారికి దండం. పాపయ్యన్న ప్రశ్నకి నాకు తెలిసినంత: కమలా హైబ్రిడ్ కాదు, మామూలు రకం, గింజ దాచుకుంటే అదే పంట వస్తుంది. రైతు తన పంట గింజ దాచుకుని మళ్లీ వేసుకునే హక్కు 2001 మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టంలోనే ఉంది, బ్రాండు పేరుతో అమ్మడమే కుదరదు. అయితే క్రిస్పర్ కత్తెర మీద పేటెంట్లు విదేశీ సంస్థలవి, ఆ లైసెన్సుల లెక్క తేలితే గానీ ధర సంగతి తెలియదు.

ఉప్పల్_రింగ్‌రోడ్:
అందరికీ చాలా థాంక్స్. హెచ్ఎల్ఏ పరీక్షకి అక్క ఒప్పుకుంది, చిన్నదానితో మాట్లాడే పని నాకు అప్పజెప్పింది, ఎట్లా మొదలుపెట్టాలో ఏమో. బాపుకి పాపయ్యన్న పోస్టు చదివి వినిపించా. "గీయన ఎవరో మంచిగ చెప్పిండు" అన్నాడు గానీ వరి మాటకి మాత్రం తల అడ్డంగానే ఊపాడు. పక్క చేనాయన వేసి రెండు పంటలు తీస్తే చూద్దాం అంట.

పత్తిచేను_పాపయ్య:
గట్లనే ఉండనీ. ఈలోపు కమలా అని పేరు చెప్పి ఎవడన్నా బిల్లు లేని సంచి తెస్తే మాత్రం తీసుకోకండి.