ఎంబీబీఎస్‌లో డార్విన్‌కు చోటు ఉండాలా?

జువాలజీ మాస్టారు: బైపీసీ పిల్లలకు డార్విన్ ప్రకృతి వరణం (పరిస్థితులకు తట్టుకున్నవే మిగిలి పెరుగుతాయన్నది) చెప్పి చెప్పి రిటైరయ్యాను. నీట్ కోసం ఆ చాప్టర్ బిట్లు బట్టీ కొడతారు, సీటొచ్చాక ఆ ఊసే ఉండదు. అనాటమీ, ఫిజియాలజీలతో పాటు జీవపరిణామానికీ ఒక పేపర్ ఉండాలంటాను. విలియమ్స్, నెస్సీ అనే ఇద్దరు 1991లోనే డార్వినియన్ మెడిసిన్ (జబ్బులను పరిణామం కోణంలో చూడటం) గురించి రాశారు. మన కాలేజీలకు అది ఎప్పుడు చేరుతుంది?

ఏజెన్సీ డాక్టర్: నమస్తే మాస్టారూ. ఇంకో పేపరా? బ్యాక్టీరియా మందుకు ఎలా మొండికేస్తుందో మైక్రోబయాలజీలో ప్లాస్మిడ్లతో (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేరే చిన్న డీఎన్ఏ వలయాలు) సహా చెబుతూనే ఉన్నారు. నా ఓపీలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య జబ్బు) కేసులు చాలా ఉంటాయి. ఆ జీన్ ఎందుకొచ్చిందో తెలిసినా, తెలియకపోయినా దానికిచ్చే హైడ్రాక్సీయూరియా డోసు ఒకటే.

ఇంటర్న్ కష్టాలు: పేపర్ పెడితే దానికీ లాగ్‌బుక్ పెడతారు. దండం సార్, వదిలేయండి.

జువాలజీ మాస్టారు: డోసు ఒకటేనా? మా అమ్మకు యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే ఒక నర్సింగ్ హోమ్‌లో కల్చర్ (ఏ క్రిమి ఉందో, ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) చేయకుండానే యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ మార్చారు. చివరికి మేమే పట్టుబట్టి కల్చర్ చేయిస్తే వాడినవేవీ పనిచేయవని తేలింది. ఏ మందు వాడితే ఏ క్రిములు మిగులుతాయో ఆలోచించే డాక్టర్ అలా చేస్తాడా? ‘కోర్సు పూర్తి చేయండి’ అంటారు, ఎందుకో చెప్పరు.

ఏజెన్సీ డాక్టర్: ఆ ‘కోర్సు పూర్తి’ మాటనే 2017లో బీఎంజే అనే వైద్య పత్రికలో కొందరు నిపుణులు ప్రశ్నించారు. అవసరానికి మించి వాడితే పేగుల్లో, చర్మం మీద మామూలుగా ఉండే బ్యాక్టీరియాలోనే మొండివి మిగులుతాయన్నది వాళ్ల వాదన. మీ వరణం లెక్కే ఇది! టీబీ మాత్రం వేరు, అక్కడ మధ్యలో మానకూడదు.

మోడరేటర్: ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపకండి.

మెడికల్ షాపు: చీటీ లేకుండా అజిత్రోమైసిన్ అడిగేవాళ్లకి ఏ పేపర్ పెడతారు?

జువాలజీ మాస్టారు: టీబీ అన్నారు కాబట్టి అడుగుతాను. నాలుగు మందులు ఎందుకు ఇస్తారు? ఒక్క మందును తట్టుకునే ఉత్పరివర్తన ఏదో ఒక క్రిమిలో దొరుకుతుంది, నాలుగూ ఒకే క్రిమిలో కలవడం దాదాపు జరగదు. పరిణామం కాకపోతే ఇదేమిటి?

ఏజెన్సీ డాక్టర్: 1948లో అచ్చైన బ్రిటిష్ ట్రయల్‌లో టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చారు. మొదట్లో బాగుపడ్డవాళ్లలో చాలామందికి తర్వాత మందు పనిచేయలేదు. దాంతో పాస్ అనే ఇంకో మందు కలిపి చూశారు. వార్డులో చూసి నేర్చుకున్నారు, డార్విన్‌ను చదివి కాదు.

జువాలజీ మాస్టారు: చూసిందాన్ని అర్థం చేసుకోవడానికి ఏం కావాలి మరి?

ఈఎన్‌టీ పీజీ: మధ్యలో దూరుతున్నా. థైరాయిడ్ ఆపరేషన్‌లో మమ్మల్ని టెన్షన్ పెట్టేది గొంతు నరం. ఎడమవైపు అది ఛాతీలోకి దిగి బృహద్ధమని కింద నుంచి తిరిగి పైకొస్తుంది. మొప్పలున్న పూర్వీకుల నుంచి వచ్చిన దారి అది, మెడ పొడుగయ్యేకొద్దీ నరమూ సాగింది. కొద్దిమందికి కుడివైపు నరం అలా దిగకుండా నేరుగా వస్తుంది. చూసుకోకపోతే తెగుతుంది, గొంతు బొంగురుపోతుంది. ఇదంతా ఎంబ్రియాలజీలో చెప్పారు, పరిణామం అనే మాట ఎత్తకుండా.

జువాలజీ మాస్టారు: చూశారా!

ఏజెన్సీ డాక్టర్: చూశాను. ఆ మాట ఎత్తకపోయినా ఆయన నరం కాపాడుతున్నారు. మాస్టారూ, మీ అమ్మగారి విషయం బాధాకరమే. కానీ నేను ఇక్కడి నుంచి కల్చర్ పంపితే రిపోర్టు వచ్చేసరికి రోగి ఇంటికైనా పోతాడు, పైకైనా పోతాడు. నాకు ల్యాబ్ ఇప్పించండి. జువాలజీని పిల్లలు బిట్లుగా చూశారన్న కడుపుమంట మా మీద చూపకండి.

జువాలజీ మాస్టారు: కడుపుమంటే అనుకోండి. ‘ఎందుకు’ అని అడిగితే మీ జాతికి కోపం! సికిల్ జీన్ ఒక్కటే ఉన్నవాళ్లకు మలేరియా ముదరకుండా రక్షణ ఉంటుందని ఆలిసన్ అనే పరిశోధకుడు 1954లో చూపించాడు. మలేరియా పీడించిన అడవుల్లో అది నిలబడింది అందుకే. మీ ఓపీలో ఒక్కరికైనా ఈ సంగతి చెప్పారా?

పాప అమ్మ: నాకూ మా ఆయనకూ ట్రెయిట్ (సికిల్ జీన్ ఒక్కటే) ఉంది, పాపకు రెండూ వచ్చి జబ్బు. మా అత్తగారు మా పుట్టింటి శాపం అంటుంది. ఈ మలేరియా సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె నోరు కొంతైనా మూయించేదాన్ని.

ఏజెన్సీ డాక్టర్: అమ్మా, బయట క్యూ గేటు దాకా ఉంటుంది. పాపకు నొప్పి రాకుండా చూడటం, టీకాలు వేయించడం, మందు ఆగకుండా అందించడం నా పని. శాపం సంగతి కౌన్సెలర్ చూడాలి.

జువాలజీ మాస్టారు: ఇదీ మన అసలు గొడవ. అది కూడా డాక్టర్ పనే అంటాను నేను.

ఏజెన్సీ డాక్టర్: అయితే మీరు అడగాల్సింది పేపర్ కాదు, ఓపీకి ఇంకో డాక్టర్ని.

జువాలజీ మాస్టారు: ఆ రెండో డాక్టరుకైనా చెప్పేంత తెలిసుండాలిగా?

పాప అమ్మ: మీ గొడవ తర్వాత. రెండో బిడ్డకూ వస్తుందా సార్?

ఏజెన్సీ డాక్టర్: ఇద్దరికీ ట్రెయిట్ ఉంది కాబట్టి ప్రతి కాన్పుకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రాదు అనుకోవద్దు. గర్భం నిలిచిందని తెలియగానే పెద్దాసుపత్రిలో చూపించండి, పుట్టకముందే తెలుసుకునే పరీక్ష ఉంది. మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి. ట్రెయిట్ ఆమె కొడుక్కీ ఉందని రిపోర్టు చూపించండి.