అప్‌డేట్: చెల్లికి ట్యాబ్ తీసుకున్నాం

మాసబ్ ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ చదివే మా చెల్లికి గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్ సరిపోతుందా, ఎస్9 దాకా వెళ్లాలా అని అడిగాను కదా. కొనేముందు తనతోనే గీయించి చూడమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి తనని తీసుకెళ్లాను. ఏ9 ప్లస్‌కి ఎస్ పెన్ (నొక్కేదాన్ని బట్టి గీత మందం మార్చే శాంసంగ్ పెన్ను) సపోర్టే లేదు. మామూలు స్టైలస్‌తో నొక్కి గీసినా, తేలిగ్గా గీసినా గీత ఒకటే మందం. పైగా అరచెయ్యి ఆనిన చోటల్లా పిచ్చిగీతలు! పాఠాలు వినడానికి, పీడీఎఫ్‌లకి మాత్రం మంచి ట్యాబే. ఎస్9 అమోలెడ్ స్క్రీన్ నుంచి చూపు తిప్పుకోలేం గానీ, స్కెచ్‌లకి అంత పెట్టక్కర్లేదు.

చివరికి ఎస్9లోనే తక్కువ ధర మోడల్ ఎస్9 ఎఫ్ఈ తీసుకున్నాం. ఎస్ పెన్ డబ్బాలోనే వస్తుంది, దానికి ఛార్జింగ్ గొడవ లేదు. మిగిలిన డబ్బుతో మెమరీ కార్డు, గట్టి కవరు కొన్నాం.