సియా ముఖం దాచుకోవడం సబబే, మరి ఆ పిల్ల సంగతి?

మంద్రస్థాయి:
ఆస్ట్రేలియా గాయని, పాటల రచయిత్రి సియా 2014 తర్వాత వేదికల మీద ఎక్కువగా కళ్లు కప్పేసే పెద్ద విగ్గుతోనే కనిపించింది. ముఖం చూపాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. అయితే ఆ ఏడాది తన ‘షాండెలియర్’ పాట వీడియోలో తన బదులు నిలబెట్టింది పదకొండేళ్ల డ్యాన్సర్ మ్యాడీ జీగ్లర్‌ను. తనకు వద్దనుకున్న కీర్తిని చిన్నపిల్ల నెత్తిన పెట్టడం నాకు మింగుడుపడటం లేదు.

పాతపాటలపెట్టె:
సియా అక్కడిదాకా ఎలా వచ్చిందో కూడా చూడాలి కదండీ. అడిలైడ్‌లో పుట్టి, 1990లలో క్రిస్ప్ బృందంతో మొదలుపెట్టి, లండన్ వెళ్లి జీరో 7 బృందానికి పాడింది. 2010లో ‘వి ఆర్ బార్న్’ ఆల్బమ్ వచ్చేనాటికి వ్యసనాలు, గ్రేవ్స్ అనే థైరాయిడ్ వ్యాధి ఆమెను కుంగదీశాయి. ఇక ఇతరులకు పాటలు రాసుకుంటూ బతుకుదామనుకుంది. ‘టైటేనియం’ పాటకు ఆమె పాడింది, మన సినిమావాళ్లు ట్రాక్ అంటారే, వేరే గాయకుల కోసం పాడిపెట్టే ఆ నమూనా మాత్రమే. ఆమెకు తెలియకుండానే ఫ్రెంచ్ డీజే డేవిడ్ గెటా ఆ గొంతునే ఉంచి 2011లో విడుదల చేశాడు. మరుసటి ఏడాది రియానా పాడిన ‘డైమండ్స్’ రచనలోనూ ఆమె చెయ్యి ఉంది. దాక్కుందామన్నా కీర్తి వదల్లేదు. ఆ విగ్గును ప్రచార ఎత్తుగడ అనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

మంద్రస్థాయి:
విగ్గు గురించి మీతో నాకు పేచీ లేదు. కీర్తి ఎంత నలిపేస్తుందో అంత దగ్గరగా చూసిన మనిషే పిల్లను ముందుకు నెట్టిందన్నదే నా అభ్యంతరం.

తాళంతప్పని:
నెట్టడం అనే మాట సరికాదు. మ్యాడీ 2011 నుంచే ‘డ్యాన్స్ మామ్స్’ అనే టీవీ కార్యక్రమంలో ఉంది, సియా ఆమెను చూసింది అందులోనే. పైగా రయన్ హెఫింగ్టన్ సమకూర్చిన ఆ నృత్యం లేకుండా ‘షాండెలియర్’ను ఊహించలేను. మత్తులో తనను తాను మరిచిపోవాలనుకునే మనిషి గోడు ఆ పాట. దాన్ని పెద్దవాళ్లు ఆడితే తాగినవాళ్ల తూలుడులా ఉండేది. పసిపిల్ల ఆడింది కాబట్టే గుండె పిండేస్తుంది.

మంద్రస్థాయి:
నా భయమూ అదే. మన గుండె పిండటానికి ఆ వయసు పిల్ల కావాలా? టీవీలో ముందే ఉందన్నది సమాధానం కాదు, అక్కడా పెద్దలే కదా నిలబెట్టింది. 2015లో ‘ఎలాస్టిక్ హార్ట్’ వీడియోలో పెద్దవాడైన నటుడు షయా లబఫ్‌తో కలిసి ఆడించినప్పుడు విమర్శలు వచ్చాయి, సియా క్షమాపణ చెప్పింది. 2021లో తాను దర్శకత్వం వహించిన ‘మ్యూజిక్’ సినిమాలో ఆటిజం ఉన్న అమ్మాయి పాత్రనూ మ్యాడీకే ఇచ్చింది. ఆటిజం ఉన్నవారు తీవ్రంగా నొచ్చుకున్నారు. మళ్లీ క్షమాపణ.

పాతపాటలపెట్టె:
సినిమా విషయంలో మీతో ఏకీభవిస్తాను, ఆ పాత్ర ఆటిజం ఉన్న నటికే దక్కాల్సింది. కానీ ఆ తప్పును 2014 దాకా వెనక్కి లాగి ‘షాండెలియర్’కు అంటగట్టకండి. అందులో నాకు కనిపించింది తోడు వెతుక్కున్న కళాకారిణి.

మంద్రస్థాయి:
తోడు పదకొండేళ్లది కావడం దగ్గరే నేను ఆగిపోతున్నాను.