ఫోన్ హ్యాంగ్ అయితే బలవంతంగా రీస్టార్ట్ చేయొచ్చా?

చిన్నసందేహం: నిన్న వీడియో కాల్ మధ్యలో నా ఆండ్రాయిడ్ ఫోన్ బిగుసుకుపోయింది. అవతలి మనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఎక్కడ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి గట్టిగా పట్టుకుంటే కాసేపటికి ఆరిపోయి మళ్లీ లేచింది. మా అన్నయ్య మాత్రం "అలా చేస్తే ఫోటోలన్నీ పోతాయి, ఛార్జింగ్ అయిపోయేదాకా వదిలెయ్యాలి" అంటున్నాడు. నిజమేనా?

బటన్‌బాబు: మీ అన్నయ్యగారు రీస్టార్ట్‌నీ, ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్‌నీ కలిపేస్తున్నారు. రీస్టార్ట్‌తో ఖాళీ అయ్యేది ర్యామ్, అంటే తాత్కాలిక మెమరీ. ఫోటోలు ఉండేది స్టోరేజీలో. మహా అయితే సగం టైప్ చేసిన మెసేజ్ పోతుంది. ఐఫోన్ 8, ఆ తర్వాతివాటిలో వాల్యూమ్ పెంచేది ఒకసారి నొక్కి వదిలి, తగ్గించేది నొక్కి వదిలి, యాపిల్ గుర్తు వచ్చేదాకా పక్క బటన్ పట్టుకోవాలి.

నిదానం: ఒకసారైతే సరే అండీ. రోజూ అదే పని అయితే జ్వరానికి మాత్ర వేసి అసలు జబ్బును వదిలేసినట్టే. నా పాత ఫోన్‌ను నెల రోజులు అలాగే లాక్కొచ్చాను. తీరా చూస్తే స్టోరేజీలో ఒక జీబీ కూడా ఖాళీ లేదు! ఇంకో మాట: అప్‌డేట్ ఎక్కుతున్నప్పుడు మాత్రం బటన్ల జోలికి వెళ్లకండి. అన్నయ్యగారి భయంలో నిజం ఉన్నది అక్కడే.

బటన్‌బాబు: అప్‌డేట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ రీస్టార్ట్‌ను మరీ తీసిపారేయకండి. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2020లో ఇచ్చిన సూచనల్లోనే వారానికోసారి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయమని ఉంది. తాత్కాలిక మెమరీలో మాత్రమే దాక్కునే కొన్ని స్పైవేర్లు (దొంగచాటుగా నిఘా పెట్టే ప్రోగ్రాములు) దాంతో పోతాయని.

నిదానం: అది భద్రత కోసం, హ్యాంగ్ కోసం కాదు కదా! సందేహం గారూ, పవర్ మెనూలో 'పవర్ ఆఫ్' మీద వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సేఫ్ మోడ్ వస్తుంది. మీరు వేసుకున్న యాప్‌లు అందులో నడవవు. అక్కడ బాగుంటే తప్పు ఏదో యాప్‌దే.

చిన్నసందేహం: సేఫ్ మోడ్‌లో పూటంతా హాయిగా నడిచింది. మొన్న వేసుకున్న ఫోటోల యాప్ తీసేశాక మళ్లీ ఆగలేదు. అన్నయ్యకు చూపిస్తే "అదృష్టం బాగుండి ఫోటోలు పోలేదు" అన్నాడు.